సింహగిరి చుట్టూ 32 కిలోమీటర్లు: కాలినడకన, సైకిలుపై వెళ్ళదలచినవారు తెలుసుకోవలసిన విషయాలు

కుసుమంచి: గుడి చుట్టూ తిరగడం మన ప్రాంతంలో పసిపిల్లలకు సైతం తెలిసిన పనే. మండల కేంద్రంలోని కాకతీయుల నాటి గణపేశ్వరాలయం చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేసినా అలసట తెలియదు. కొండ చుట్టూ తిరగడం మాత్రం వేరు సంగతి. కొన్నేళ్ళుగా ఉమ్మడి ఖమ్మం జిల్లా నుంచి పౌర్ణమికి అరుణాచలం వెళ్ళేవారు బాగా పెరిగారు. తెలంగాణ ఆర్టీసీ ప్రత్యేక బస్సులు కూడా నడుపుతోంది. అక్కడ 14 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ పూర్తి చేసి వచ్చినవారిలో పలువురి చూపు తరువాత మళ్ళేది విశాఖపట్నం వద్ద గల సింహాచలంపైనే. అరుణాచలం నడిచినవారమే కదా, ఇదెంత అనుకోవడం సహజం. సింహగిరి చుట్టుదారి 32 కిలోమీటర్లు. అంటే అరుణాచలానికి రెట్టింపు కన్నా ఎక్కువ. దూరం రెట్టింపైతే శ్రమ రెట్టింపుతో ఆగదన్న సంగతి ఇరవయ్యో కిలోమీటరు దాటిన తరువాతనే చాలామందికి తెలిసివస్తుంది.

చుట్టుదారికి ఒక స్వభావం ఉన్నది. పొలం గట్టున నడిచేవారు అలసిపోతే వెనుదిరిగి ఇంటికి రావచ్చు. కొండ చుట్టూ సగం దూరం నడిచినవారికి ఆ అవకాశం లేదు. వెనుకకు మళ్ళినా అంతే దూరం, ముందుకు సాగినా అంతే దూరం. కాబట్టి బయలుదేరక ముందే సగం ఎక్కడ వస్తుందో, ఎక్కడెక్కడ ఆగి బస్సో ఆటోనో ఎక్కవచ్చునో తెలిసి ఉండాలి. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే తక్కిన జాగ్రత్తలన్నీ వాటంతట అవే కుదురుతాయి.

ఎప్పుడు, ఎందుకు

ఏటా ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు గిరి ప్రదక్షిణ జరుగుతుంది. 2024లో జూలై 20న, 2025లో జూలై 9న జరిగింది. తెలుగు తిథిని బట్టి తేదీ మారుతుంది కనుక పంచాంగం చూసుకొనే ప్రయాణం పెట్టుకోవాలి. మరుసటి రోజు ఆషాఢ పౌర్ణమి. ఆనాడు శ్రీ వరాహ లక్ష్మీనృసింహ స్వామికి చివరి విడత చందన సమర్పణ జరుగుతుంది. ఇక్కడి స్వామి ఏడాది పొడవునా చందనంతో కప్పబడి ఉంటారు. వైశాఖ శుద్ధ తదియ, అనగా అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూప దర్శనం లభిస్తుంది. ఆ రోజు మొదలుకొని వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములలో విడతకు మూడు మణుగుల చొప్పున, అంటే సుమారు 125 కిలోల వంతున, మొత్తం పన్నెండు మణుగుల చందనాన్ని సమర్పిస్తారు. గిరి ప్రదక్షిణ ఈ నాలుగో విడతకు ముందురోజు వచ్చే ఉత్సవం. నడక ముగించినవారు కొండపైకి వెళ్ళి దర్శనం చేసుకుంటారు. 32 కిలోమీటర్లు నడవలేని వృద్ధులు కొండపైన ఆలయం చుట్టూనే ప్రదక్షిణలు చేసి తృప్తి పడతారు. అదేమీ తక్కువ కాదు.

మన రైతు కుటుంబాలకు ఈ తిథి ఒక విధంగా అనుకూలం, మరొక విధంగా కష్టం. పత్తి గింజలు పెట్టడం పూర్తయి, వరినారు పోసి, నాట్లకు ఎదురుచూసే రోజులవి. వానలు సకాలంలో పడితే ఊరు కదలడానికి వీలుండదు. ఆలస్యమైతే మనసు కదలనివ్వదు.

ఆలయ చరిత్ర గురించి రెండు మాటలు. ఇక్కడ 11వ శతాబ్ది చివరి నాటి చోళ కులోత్తుంగుని కాలపు శాసనం ఉన్నది. 13వ శతాబ్దిలో తూర్పు గాంగుల కాలంలో ఆలయ పునర్నిర్మాణం జరిగింది. కళింగ దండయాత్ర సందర్భంగా శ్రీకృష్ణదేవరాయలు 1516లోను, 1519లోను స్వామిని దర్శించారు. పడమటి ముఖంగా ఉన్న ఈ ఆలయానికి విజయనగరం పూసపాటి గజపతుల వంశీయులు అనువంశిక ధర్మకర్తలు. కుసుమంచి గుళ్ళు చూసిన కళ్ళతో అక్కడి రాతిపని చూస్తే కాకతీయ శిల్పానికీ, కళింగ శిల్పానికీ గల తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

దారి ఎలా సాగుతుంది

కొండ దిగువన తొలి పావంచా, అనగా తొలి మెట్టు, వద్ద కొబ్బరికాయ కొట్టి నడక ప్రారంభిస్తారు. అక్కడి నుంచి అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, విశాలాక్షినగర్ మీదుగా జోడుగుళ్ళపాలెం, అప్పుఘర్ సముద్రతీరం చేరుతారు. పిదప ఎం.వి.పి. కాలనీ, వెంకోజీపాలెం, హెచ్.బి. కాలనీ, కైలాసపురం, మాధవధార, మురళీనగర్, ఆర్ అండ్ బి కూడలి, ఎన్.ఎ.డి. కూడలి, గోపాలపట్నం, పాత గోశాల మీదుగా తిరిగి తొలి పావంచా చేరుకుంటారు. నడిచినంతసేపూ కొండ కుడిచేతి వైపునే ఉంటుంది. దారి తప్పామేమోనన్న అనుమానం వస్తే కొండ ఎటున్నదో చూసుకుంటే చాలు. అయితే బందోబస్తు నిమిత్తం పోలీసులు ఏటా కొన్ని మలుపులు మారుస్తుంటారు గనుక స్థానిక పత్రికలలో వచ్చే ఆ ఏటి మార్గపటం చూసుకోవడం విధాయకం.

దారిలోని మొదటి భాగమే కళ్ళకు ఇంపైనది. అడవివరం దాటగానే ఇరువైపులా కొండలు దగ్గరవుతాయి. ఎడమవైపు కంబాలకొండ అభయారణ్యం, కుడివైపు సింహగిరి. ఎర్రబారిన ఆ రాతిని భూగర్భశాస్త్రంలో ఖోండలైట్ అంటారు. తూర్పు కనుమలలోని ఖోండు గిరిజనుల పేరిట పెట్టిన పేరది. ఈ రాయి పగుళ్ళలో ఇంకిన వాననీరే గంగధార, మాధవధార వంటి ఊటలుగా బయటికి వస్తుంది. సింహగిరి అనాసపండ్లకు, పనసకు, సంపెంగ పూలకు పేరుపొందింది. దారిలో పైనాపిల్ కాలనీ అని ఒక బస్తీ పేరు వినిపిస్తే ఆశ్చర్యపోనవసరం లేదు. 2014 అక్టోబరు 12న తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను ఈ కొండలపై చెట్లను విపరీతంగా పడగొట్టింది. అంతకు ముందు చూసినవారు ఇప్పటికీ ఆ పచ్చదనాన్నే తలచుకుంటారు. ముడసర్లోవ జలాశయం పూర్వం నుంచీ పట్టణానికి నీరిచ్చినది. 2018లో దాని నీటిపై రెండు మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం ఏర్పాటైంది. నడిచేవారికి రోడ్డు పక్కనే కనిపించే వింత అది.

హనుమంతవాక వద్ద 16వ నంబరు జాతీయ రహదారి అడ్డు వస్తుంది. మొత్తం దూరంలో దాదాపు మూడో వంతు అక్కడికి పూర్తయినట్లు. అక్కడి నుంచి విశాలాక్షినగర్ మీదుగా సముద్రం వైపు దారి దిగుతుంది. దిగుడు సుఖమనిపిస్తుంది గాని మోకాళ్ళకు, కాలి బొటనవేళ్ళకు దెబ్బ తగిలేది ఎక్కుడులో కాదు, దిగుడులోనే. అడుగులు చిన్నవి వేయాలి. తీరంలో సముద్ర స్నానం చేయడం ఆచారం. మన జిల్లావారికి ఇక్కడ గట్టిగా ఒక మాట చెప్పవలసి ఉన్నది. మునేరు, పాలేరు, గోదావరి చూసినవారమన్న ధైర్యం సముద్రం వద్ద పనికిరాదు. విశాఖ తీరంలో వెనుకకు లాగే అల బలం ఎక్కువ. మోకాలి లోతు నీటిలో నిలబడినవారి కాళ్ళ కింది ఇసుకను కూడా లాగివేస్తుంది. గట్టున కూర్చొని చెంబుతో పోసుకున్నా అది స్నానమే. గజ ఈతగాళ్ళు, పోలీసులు నిలబడిన చోటు తప్ప మరో చోట దిగరాదు. తడి బట్టలతో, ఇసుక అంటిన కాళ్ళతో తక్కిన ఇరవై కిలోమీటర్లు నడిస్తే తొడలు ఒరుసుకుపోతాయి, పాదాలు బొబ్బలెక్కుతాయి. మంచినీటితో కాళ్ళు కడిగి, తుడిచి, పొడి బట్ట కట్టుకున్న తరువాతనే కదలాలి.

తీరం దాటిన తరువాత అంతా నగరమే. వెంకోజీపాలెం, హెచ్.బి. కాలనీ పరిసరాలలో సగం దూరం పూర్తవుతుంది. ఆగదలచినవారు ఆగవలసిన చోటు ఇదే. జాతీయ రహదారి, సిటీ బస్సులు, ఆటోలు, ఆసుపత్రులు అన్నీ అందుబాటులో ఉంటాయి. ఇక్కడ కాళ్ళు ఈడుస్తున్నవారు ముందుకు సాగితే తరువాత వచ్చే కైలాసపురం ఎత్తుపల్లాలు, మాధవధార మలుపులు రాత్రివేళ మరింత దూరంగా కనిపిస్తాయి. దారి పొడవునా స్వచ్ఛంద సంస్థలు, కాలనీల వాసులు మజ్జిగ, పులిహోర, పండ్లు, మంచినీరు ఇస్తూనే ఉంటారు. విశాఖవాసుల ఈ ఆతిథ్యాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. అయితే ఇచ్చినదల్లా తినడం తగదు. కడుపు నిండిన మనిషి కన్నా కొద్దిగా ఆకలిగా ఉన్న మనిషే చక్కగా నడుస్తాడు. ఖాళీ గ్లాసులు, విస్తళ్ళు రోడ్డుపైనే పారవేయడం మాత్రం చూడడానికే సిగ్గుగా ఉంటుంది. వెనుక వచ్చేవారు జారిపడేది వాటిమీదనే.

చివరి భాగమైన ఎన్.ఎ.డి. నుంచి గోపాలపట్నం, సింహాచలం దారిలో చెప్పుకోదగ్గ కొత్తదనం లేదు. ఓర్పే కావాలి.

ఖమ్మం నుంచి ప్రయాణం

ఖమ్మం నుంచి విశాఖపట్నం రైలు మార్గంలో సుమారు 450 కిలోమీటర్లు. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం బయలుదేరి తెల్లవారేసరికి చేరుస్తుంది. కోణార్క్ ఎక్స్‌ప్రెస్, సికింద్రాబాద్ నుంచి వచ్చే వందేభారత్ కూడా ఖమ్మం మీదుగానే వెళ్తాయి. 2024 నవంబరు నుంచి ముందస్తు రిజర్వేషను గడువును రైల్వే శాఖ 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది. కాబట్టి ఆషాఢ చతుర్దశికి సరిగ్గా రెండు నెలల ముందే టికెట్టు చూసుకోవాలి. జనరల్ బోగీలో రాత్రంతా నిలబడి వెళ్ళి, ఉదయాన్నే నడక మొదలుపెట్టేవారిని చూస్తే భయం వేస్తుంది. నిద్ర లేని శరీరానికి దాహం, నొప్పి ఆలస్యంగా తెలుస్తాయి. తెలిసేసరికి సమయం మించిపోతుంది. ఒక రోజు ముందే చేరుకొని విశ్రాంతి తీసుకోవడం ఉత్తమం. ఖర్చు కొంత పెరిగినా తరువాతి ఆసుపత్రి ఖర్చు కన్నా తక్కువే.

సాధారణంగా మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో స్వామివారి ప్రచార రథాన్ని తొలి పావంచా వద్ద జెండా ఊపి ప్రారంభిస్తారు. కాని భక్తులు తెల్లవారుజాము నుంచే నడవడం మొదలుపెడతారు. రథంతో పాటే నడవాలన్న పట్టుదల లేనివారు తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల మధ్య బయలుదేరితే సముద్రతీరానికి ఎండ ముదరక ముందే చేరుతారు. గంటకు నాలుగు కిలోమీటర్ల వంతున నడక సమయమే ఎనిమిది గంటలు. స్నానం, ఫలహారం, విశ్రాంతి కలుపుకుంటే పది, పదకొండు గంటలు పట్టడం మామూలే. రథం కదిలే వేళకు తొలి పావంచా వద్ద తొక్కిసలాట ఎక్కువ. పిల్లలను, వృద్ధులను ఆ సమయంలో అక్కడ ఉంచరాదు. 2025 ఏప్రిల్ 30న చందనోత్సవం నాడు భారీ వర్షానికి కొండపైన మూడు వందల రూపాయల టికెట్టు క్యూ పక్కనున్న గోడ కూలి ఏడుగురు భక్తులు మరణించారు. వానలో గోడల పక్కన, తాత్కాలిక షెడ్ల కింద గుంపుగా నిలబడరాదన్న పాఠం ఆ ప్రమాదం నేర్పింది. ఆషాఢం వానల కాలమే అన్నది మరువరాదు.

శరీరాన్ని సిద్ధం చేయడం

రోజంతా పొలంలో తిరిగేవారికి నడక కొత్త ఏమిటన్న ప్రశ్న వస్తుంది. మెత్తని దుక్కిలో నడక వేరు, తారురోడ్డుపై నడక వేరు. దుక్కి పాదాన్ని పట్టుకుంటుంది, తారు తిరిగి కొడుతుంది. పైగా పొలంలో వంగుతాం, లేస్తాం, గట్టున కూర్చుంటాం. ఇక్కడ గంటల తరబడి ఒకే కదలిక. కనీసం ఎనిమిది వారాల ముందు నుంచి సాధన చేయాలి. మొదట్లో వారానికి నాలుగు రోజులు ఐదేసి కిలోమీటర్లు నడిచి, ఆదివారాలలో దూరాన్ని ఎనిమిది, పన్నెండు, పదహారు కిలోమీటర్లుగా పెంచుకుంటూ పోవాలి. ప్రయాణానికి రెండు వారాల ముందు ఒక్కసారైనా ఇరవై కిలోమీటర్లు నడిచి చూసుకుంటే తన శక్తి ఎంతో తనకే తెలుస్తుంది. చివరి వారం విశ్రాంతి. సాధనకు మన వద్ద చోటుకు కొదవ లేదు. ఖమ్మంలో లకారం ట్యాంక్‌బండ్, వెలుగుమట్ల అర్బన్ పార్కు ఉన్నాయి. మన మండలంవారికి పాలేరు జలాశయం పరిసరాలు ఉన్నాయి. సూర్యాపేట, ఖమ్మం నాలుగు వరుసల రహదారి అంచున చీకట్లో నడవడం మాత్రం సాధన కాదు, సాహసం కూడా కాదు, ప్రమాదం.

ఎండ విషయంలో మన జిల్లావారికి ఒక అపోహ ఉన్నది. కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాలలో 45 డిగ్రీలు చూసినవారమని, విశాఖలో జూలై ఎండ ఏపాటిదని అనుకుంటారు. మన ఎండ పొడి ఎండ. పట్టిన చెమట ఆరిపోయి శరీరాన్ని చల్లబరుస్తుంది. సముద్రతీరంలో గాలిలో తేమ ఎక్కువ గనుక చెమట ఆరదు, కారిపోతుంది. శరీరం చల్లబడదు, ఉప్పు మాత్రం పోతుంది. కాబట్టి 33 డిగ్రీలే అయినా అలసట త్వరగా వస్తుంది. గంటకు అర లీటరు చొప్పున నీరు కొద్దికొద్దిగా తాగాలి. ఉత్త నీరే లీటర్ల కొద్దీ తాగడం కూడా మంచిది కాదు, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. ఓ.ఆర్.ఎస్. పొట్లం ఒకటి లీటరు నీటిలో కలిపి మధ్యమధ్య తాగాలి. పొట్లం మీద రాసిన కొలత కన్నా చిక్కగా కలపరాదు. ఉప్పు వేసిన మజ్జిగ దొరికితే మరీ మంచిది. తల తిరగడం, చెమట ఆగిపోవడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ వైద్య శిబిరానికి గాని, 108కి గాని కబురు చేయాలి.

చెప్పులు లేకుండా నడవాలని మొక్కుకునేవారు ఎక్కువ. ఆరోగ్యవంతుల విషయంలో అది వారి ఇష్టం. మధుమేహం ఉన్నవారి పరిస్థితి వేరు. అరికాళ్ళకు స్పర్శ తగ్గినవారికి గాజుముక్క గుచ్చుకున్నా, తారు కాల్చినా తెలియదు. ఇంటికి వచ్చిన వారం రోజులకు పుండు తేలుతుంది. ఆ పుండు ఎక్కడికి దారితీస్తుందో మధుమేహ రోగి ఉన్న ప్రతి కుటుంబానికీ తెలుసు. వారు పాత, అలవాటైన బూట్లు లేదా చెప్పులతోనే నడవాలి. వేసుకునే మందును ఉపవాసం పేరుతో మార్చరాదు. జేబులో చక్కెర గాని, బెల్లం ముక్క గాని ఉంచుకోవాలి. గుండె జబ్బు, మోకాళ్ళ అరుగుదల ఉన్నవారు వైద్యుని అడిగిన తరువాతనే నిర్ణయించుకోవాలి. ప్రయాణం కోసం కొత్త చెప్పులు కొనడం అందరూ చేసే పొరపాటే. కొనదలిస్తే రెండు నెలల ముందే కొని అరగదీయాలి.

సైకిలుపై వెళ్ళేవారికి

ఉత్సవం నాడు ఈ దారిలో సైకిలుకు చోటు లేదు. తక్కిన రోజులలో మాత్రం ఇది సైకిలుపై తిరగడానికి మంచి చుట్టుదారి. ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి, వాహనాలు పెరగక ముందే రెండున్నర గంటల్లో నింపాదిగా పూర్తి చేయవచ్చు. ఇక్కడ ఆలోచించవలసిన అంశం ఒకటున్నది. ప్రదక్షిణ కొండను కుడిచేతి వైపు ఉంచుకొని సాగుతుంది. మన దేశంలో రోడ్డుకు ఎడమవైపు నడపాలి. అంటే ప్రదక్షిణ దిశలో వెళ్ళే సైకిలు దాదాపు ప్రతి ముఖ్య కూడలిలోనూ ఎదురు వాహనాలను దాటుకొని కుడివైపు తిరగవలసి వస్తుంది. హనుమంతవాక, ఎన్.ఎ.డి. వంటి చోట్ల అది తేలిక కాదు. వ్యాయామం కోసమే తిరిగేవారు ఎదురు దిశలో వెళ్తే మలుపులన్నీ ఎడమవైపే వస్తాయి. భక్తితో ప్రదక్షిణ దిశలోనే తిరుగుతామనేవారు పెద్ద కూడళ్ళలో దిగి, సైకిలు నడిపించుకుంటూ దాటడమే శ్రేయస్కరం.

కొండపైకి గల ఘాట్ రోడ్డు కాళ్ళ బలానికి పరీక్ష. ఆలయం సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉన్నదని చెబుతారు. ఎక్కడం కన్నా దిగడంలోనే జాగ్రత్త అవసరం. కొండ సైకిలు అన్న ఆటకు పుట్టిల్లు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం. 1970వ దశకంలో అక్కడి టమాల్‌పయస్ కొండ పరిసరాలలో కొందరు యువకులు పాత బరువు సైకిళ్ళపై మట్టిదారుల వెంట దిగేవారు. అలా పందేలు జరిగిన ఒక దారికి ‘రీప్యాక్’ అని పేరు వచ్చింది. దిగేసరికి వెనుక చక్రం బ్రేకులోని గ్రీజు వేడికి ఆవిరైపోయి, మళ్ళీ కూర్చవలసి వచ్చేదట. ఆ ఆటే 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో చోటు సంపాదించింది. మన ఘాట్ రోడ్డుపై కూడా సూత్రం అదే. బ్రేకును పట్టి ఉంచరాదు, పట్టి వదులుతూ దిగాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే మనిషి హ్యాండిలు మీదుగా ఎగిరి పడతాడు. వాన వెలిసిన వెంటనే మలుపులలో తారుపై నూనెపొర తేలుతుంది గనుక ఆ సమయంలో దిగకపోవడమే మేలు. అద్దె సైకిలు తీసుకునేవారు బ్రేకు రబ్బర్లు, టైర్ల అరుగుదల చూసుకున్న పిదపే డబ్బు చెల్లించాలి. శిరస్త్రాణం తప్పనిసరి.

కొండ లోపలి దారులు

చుట్టుదారి నగరంలో కలిసిపోయింది, అడవి నడక ఎక్కడున్నదని అడిగేవారికి రెండు చోట్లు ఉన్నాయి. మొదటిది మాధవధార నుంచి రాతిమెట్ల మీదుగా కొండ ఎక్కి, శిఖరం దాటి, సింహాచలం ఆలయం వైపు దిగే పాత కాలిబాట. కొండను చుట్టకుండా అడ్డంగా దాటే దారి ఇది. విశాఖలో కొండ నడకల అభిరుచి గలవారికి సుపరిచితం. సైకిలుకు ఏమాత్రం పనికిరాదు. వానలలో మెట్లు పాచిపట్టి జారుతాయి. ఒంటరిగాను, చీకటి పడిన తరువాతను వెళ్ళరాదు. ఆలయానికి గల మరో మెట్లదారి అడవివరం వైపు నుంచి వెయ్యికి పైగా మెట్లతో ఉన్నది. అది జనసంచారం గల దారి.

రెండవది కంబాలకొండ. పూర్వం విజయనగర సంస్థానాధీశుల ఆధీనంలో ఉన్న ఈ అడవిని 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. చిరుతపులి సంచరించే అడవి, నగరానికి ఆనుకొని ఉండటం విశేషం. జాతీయ రహదారి పక్కన, జంతు ప్రదర్శనశాల సమీపంలో ప్రవేశద్వారం ఉన్నది. అటవీశాఖ రుసుము చెల్లించి, వారు చూపిన కాలిబాటలలో మాత్రమే నడవాలి. మన కిన్నెరసానికి వర్తించే చట్టమే ఇక్కడా వర్తిస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ప్రవేశించడం, నిప్పు పెట్టడం, జంతువులను వేధించడం, చెత్త వేయడం నేరాలు. కిన్నెరసాని పరిసరాలలో తిరిగి అలవాటున్న మన జిల్లా యువకులు, అడవి అంటే మనదే కదా అని అక్కడ దారి వదిలి లోనికి వెళ్ళరాదు. కోయ గూడేల మనిషికి తన అడవిలో ఏ బాట ఎటు పోతుందో తెలుసు. కొత్త అడవిలో మనం ఎవరమైనా కొత్తవారమే.

కొండలను చుట్టి నడవడం మన ఒక్కరి ఆచారమే కాదు. టిబెట్‌లో కైలాస పర్వతం చుట్టూ సుమారు 52 కిలోమీటర్ల పరిక్రమను మూడు రోజుల్లో చేస్తారు. దారిలోని డోల్మా కనుమ 5,600 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్నది. ఐరోపాలో మౌంట్ బ్లాంక్ చుట్టూ ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ దేశాల మీదుగా సాగే దాదాపు 170 కిలోమీటర్ల దారిని పది పదకొండు రోజుల్లో పూర్తి చేస్తారు. వారందరూ ఏ రాత్రి ఎక్కడ ఆగాలో ముందే నిర్ణయించుకొని బయలుదేరుతారు. మనవారు ఒకే బిగిన 32 కిలోమీటర్లు నడుస్తూ కూడా ఆగే చోటు గురించి ఆలోచించకపోవడమే ఆశ్చర్యం.

గుంపులో తప్పిపోతే

ఊరి నుంచి పదిమంది కలిసి వెళ్ళినా పదిమందీ కలిసి నడవడం జరగని పని. నడక వేగం కలిసినవారు ముగ్గురు, నలుగురు చొప్పున జట్లుగా విడిపోవడమే మంచిది. ప్రతి జట్టులో ఒకరి వద్దనైనా పూర్తిగా చార్జింగు ఉన్న సెల్‌ఫోను ఉండాలి. లక్షలాది మంది ఒకేచోట చేరినప్పుడు ఫోన్లు కలవకపోవచ్చు గనుక, కలుసుకోవలసిన చోట్లను ముందే అనుకోవాలి. హనుమంతవాక, వెంకోజీపాలెం, ఎన్.ఎ.డి., పాత గోశాల అని నాలుగు పేర్లు అందరికీ కంఠస్థం కావాలి. చదువురాని పెద్దల విషయంలో పేరు, ఊరు, మండలం, ఇద్దరి ఫోను నంబర్లు రాసిన కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి రవిక లోపలో, చొక్కా జేబులోనో పిన్నుతో గుచ్చాలి. ‘ఖమ్మం దగ్గర’ అని మాత్రమే చెప్పగలిగిన ముసలమ్మను విశాఖ పోలీసులు ఎవరికి అప్పగిస్తారు?

నడక పూర్తయిన రాత్రి గోరువెచ్చని ఉప్పునీటిలో పాదాలు ఉంచి, తుడిచి, వేళ్ళ సందులు చూసుకోవాలి. మధుమేహం ఉన్నవారు మాత్రం పాదాలను నానబెట్టరాదు. కడిగి, పొడిగా తుడిచి, గాయాలున్నాయేమో చూసుకుంటే చాలు. నీటి బొబ్బలను పిన్నుతో పొడవరాదు. మరునాడు దర్శనానికి మెట్లదారిని కాక దేవస్థానం బస్సును ఆశ్రయించడంలో తప్పులేదు. ఖమ్మానికి తిరుగు రైలును కూడా ఆ రాత్రికే కాకుండా ఒక రోజు ఎడంగా పెట్టుకోవాలి.